కదలని కారు పోయిన దూరం

టైర్ల గోడౌను ముందు లారీ ఆపి, కూలీలు సరుకు దింపేలోపు ఒక టీ తాగొద్దామని ఎదురు కొట్టులోకి వంగి అడుగుపెట్టినవాడు, లోపలి గొంతు విని గుమ్మంలోనే ఆగిపోయాడు. ముఖాలు మరిచిపోవచ్చు గానీ ఆ గొంతును మరిచిపోవడం ఎవరి తరమూ కాదు. అది గాలి మేస్త్రీ గొంతు. ఇంజన్లోకి అదనంగా గాలి తోసే టర్బోలు బిగించడంలో తనని మించినవాడు లేడు గనక ఆ పేరొచ్చిందని మేస్త్రీ చెప్పుకుంటాడు. నోరు తెరిస్తే వచ్చేది అదే గనక వచ్చిందని వీధంతా చెప్పుకుంటుంది.

ఈ లారీ డ్రైవరు ఒకప్పుడు ఆ మేస్త్రీ దగ్గరే పందెం కార్లు నడిపి చూసేవాడు. అప్పట్లో అందరూ అతన్ని నత్త అనేవారు. కారెక్కితే కంటికి అందేవాడు కాదు, దిగితే మాత్రం చెప్పులు వేసుకోవడానికే ఒక పూట పట్టేది. ఒక రోజు చెప్పాపెట్టకుండా ఈ వీధి వదిలి పోయాడు. మళ్లీ ఇదే రావడం. అదీ కోరి వచ్చింది కాదు, సరుకు ఇక్కడ దింపమన్నారు గనక.

మేస్త్రీ ఒకసారి గుమ్మంవైపు చూశాడు గానీ గుర్తుపట్టలేదు. గడ్డం, కళ్లద్దాలు, లారీ సీటు పెంచిన పొట్ట, వీటన్నిటి వెనక పాత నత్త ఎక్కడో ఉన్నాడు. అతను మూలనున్న బల్ల మీద కూర్చుని టీ అడిగాడు.

మేస్త్రీ చుట్టూ ముగ్గురున్నారు. టీ కొట్టు అక్క, టైర్ల కొట్టు పెద్దాయన, ఒళ్లో హెల్మెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి. ఆమె మేస్త్రీకి మేనకోడలని, మేస్త్రీ కొత్తగా కట్టిన కారులో ఈ మధ్యాహ్నమే కూర్చోబోతోందని వాళ్ల మాటల్లోనే తెలిసింది. కారు కొత్తదే గానీ అందులో ఇంజన్ పాతది. ఏ ఇంజనో అర్థమయ్యాక నత్త చేతికి గ్లాసు వేడి తెలియలేదు.

"నా గొప్ప నేను చెప్పుకోను అమ్మడూ, నాకా అలవాటు లేదు," అంటున్నాడు మేస్త్రీ.

"అబ్బే, ఎక్కడుంది," అంది అక్క పాలు తిప్పుతూ.

"నువ్వు కూర్చోబోయే ఇంజన్ ఎలాంటిదో తెలియాలి గనక చెబుతున్నాను. ఎంతమంది మేస్త్రీలో చూసి, ఇది పాత ఇనుముకి తప్ప పనికిరాదన్నారు. నేనేం చేశాను, స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి నా చెవికి. అంతే, రోగం దొరికింది. పాపం ఊపిరాడట్లేదు దానికి. మనిషికైనా యంత్రానికైనా ఊపిరే కదా. టర్బో పనేంటి, బయటికి పోయే పొగతోనే ఒక చక్రం తిప్పి, ఆ తిప్పుడుతో లోపలికి గాలి కుక్కడం. ఆ కుక్కేదాన్ని కొంచెం పెంచాను, ఇదిగో, గోరంత. అంతే, అప్పటిదాకా దగ్గిన ఇంజన్ తంబురాలా శ్రుతిలో పడింది."

"ఇంతవరకైతే నమ్ముతాను," అన్నాడు పెద్దాయన.

"నమ్మమన్నానా, వినమన్నాను. అప్పుడు దాన్ని షెడ్డులో రోలర్ల మీదికెక్కించాం. అమ్మడికి తెలుసు, నీకు తెలియదు గనక చెబుతున్నా. నాలుగు మూలలా గొలుసులతో కారుని నేలకి కట్టేస్తాం, చక్రాల కింద రోలర్లు తిరుగుతుంటాయి. ఎంత తొక్కినా చక్రాలు తిరగాలే తప్ప కారు వెంట్రుకవాసి కదలదు. లోపల మా నత్త కూర్చున్నాడు. అలాంటి డ్రైవరు మళ్లీ పుట్టడులే. పక్క వీధి వాళ్ల చెవులు పొడుగు, శబ్దం విన్నారంటే మన గుట్టు తెలుసుకుంటారని, ఇనప తలుపులు రెండూ మూసి, లోపల గడియ పెట్టి, సందుల్లో గోనెపట్టాలు కుక్కాను."

ఇది అబద్ధం కాదు. గోనెపట్టాల తడివాసన నత్తకి ఇప్పటికీ గుర్తే.

"గోరంత పెంచిన గాలిని వేలంత చేశాను. గాలి ఒత్తిడి చూపే ముల్లు అంచుకి పోయింది. ఇంకొంచెం పెంచాను, ముల్లు అంచు దాటి డయల్ కిందికి వంగిపోయింది. ఆ ఇంజన్ గాలి పీల్చే పీల్పుకి ఎదురింటి దండెం మీద ఆరేసిన చొక్కాలన్నీ మా షెడ్డువైపు చేతులు చాచాయి. పైన ఎగిరే కాకులు ఎంత రెక్కలాడించినా ముందుకు పోలేక వెనక్కే వస్తున్నాయి. అక్కా, ఆ పూట నీ పొయ్యి వెలగలేదు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు. పుల్ల మీద పుల్ల గీశాను, ఒక్కటీ అంటుకోలేదు."

"మరి. వీధిలో గాలంతా నా ఇంజన్ మింగేసింది గనక."

"అగ్గిపెట్టె చెమ్మగిల్లి," అంది అక్క. మేస్త్రీ ఆ మాట విననట్టే ముందుకి జరిగి కూర్చున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అద్దంలోంచి చూస్తున్నాను, నత్త స్టీరింగ్ తిప్పుతున్నాడు. ఒరే, కట్టేసిన కారుకి స్టీరింగెందుకురా అన్నాను. మలుపొచ్చింది గురువుగారూ అన్నాడు. వేళాకోళమనుకున్నాను. మళ్లీ తిప్పాడు, ఈసారి ఎడమకి, ఒళ్లంతా వంచి, నిజంగా మలుపులో వంగినట్టు. ఇంజన్ ఆపించి దిగమన్నాను. ముందు అద్దం మీద పురుగులు చచ్చి అంటుకుని ఉన్నాయి. టైర్లకి బురద. షెడ్డు నేల సిమెంటు, బయట కొన్నాళ్లుగా చినుకు లేదు. చేత్తో తుడిచి చూశాను. తెల్లటి బురద, సుద్దలా. చల్లగా ఉంది."

హెల్మెట్ మీద తాళం వేస్తున్న అమ్మాయి వేళ్లు ఆగాయి.

నత్తకి పురుగులూ బురదా తెలియవు. అవి మేస్త్రీ వేసిన పోపు. కానీ స్టీరింగ్ తిప్పింది నిజం. మలుపొచ్చింది. సుద్దలా తెల్లటి దారి, రెండు పక్కలా ఆకుల్లేని చెట్లు, ఎండ గానీ నీడ గానీ లేని వెలుతురు. అది కలలా లేదు. చక్రాల కింద గులకరాళ్లు నలగడం తన మోకాళ్లకి తెలిసింది.

"ఏరా, ఎక్కడికెళ్లావురా అన్నాను. మంచి దారి గురువుగారూ, ఎవరూ లేరు, దూరంగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు అన్నాడు. ఎవరురా అంటే, తెలియదు, మనకి వీపు పెట్టి నిలబడ్డాడు అన్నాడు."

ఆ మనిషి సంగతి నత్త ఎవరికీ చెప్పలేదు. పెళ్లాంతో కూడా అనలేదు.

"నేనైతే ఆపేదాన్ని," అంది అమ్మాయి.

"నేనూ ఆపేవాణ్ణే, కానీ చూడాలి కదా ఎంత దూరం పోతుందో. గాలి ఇంకా పెంచాను. రెండోసారి ఆ మనిషి దగ్గరికొచ్చాడట, అదే వీపు. మూడోసారికి ఇంకా దగ్గర, చొక్కా కుట్లు కనిపించేంత. చక్రాలు తిరిగేకొద్దీ షెడ్డు లోపల చలి మొదలైంది. ఎర్రగా కాలిన సైలెన్సర్ గొట్టం పక్కన నిలబడి నేను వణుకుతున్నాను. గోడ మీద నా నీడ నాతో పాటు వణకట్లేదు, నిమ్మళంగా ఉంది. ఇంజన్ శబ్దం పోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, శబ్దం లేదు, ఒక్క ఈల మాత్రం, టర్బో ఈల, అది కూడా ఎవరో నడుస్తూ నడుస్తూ వేస్తున్నట్టు. చూద్దును కదా, కారులో ఇద్దరున్నారు."

అక్క పొయ్యి మంట తగ్గించింది. ఎందుకు తగ్గించిందో ఆమెకే తెలియదు.

"పక్క సీట్లో, ఎవరు?" అంది అమ్మాయి.

"వీపు. ముందు అద్దంలోంచి చూస్తే ముఖం కనిపించాలి కదా. వీపే కనిపించింది."

బయట కూలీలు టైర్లు దొర్లిస్తున్న చప్పుడు కూడా ఎక్కడో పక్క ఊళ్లో అవుతున్నట్టుంది. నత్త తన ఎడమ భుజం తడుముకున్నాడు. ఆ రోజు చివరగా గుర్తున్నది అదే. ఆ మనిషిని దాటుతున్నానని అనుకున్నాడు, తిరిగి చూద్దామనుకున్నాడు, తిరగలేకపోయాడు. పక్క సీట్లో ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు, మెల్లగా, నిద్రపోయేవాళ్లలా.

"ఆ తర్వాత," గొంతు బాగా తగ్గించాడు మేస్త్రీ, "కళ్లు మూసి తెరిచేలోపు సీటు ఖాళీ. పెట్టిన బెల్టు పెట్టినట్టే ఉంది, లోపల మనిషి లేడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. నత్త ఆ దారినే పోయాడు. వీధి వీధంతా వెతికాం. ఈనాటికీ జాడ లేదు. కావాలంటే ఈ పెద్దాయన్ని అడుగు, ఆ రోజు తర్వాత వాణ్ణి చూసినవాడు ఈ భూమ్మీద ఉన్నాడేమో. అదమ్మా ఆ ఇంజన్. అంత దూరం పోగలిగే ఇంజన్ నీ చేతికిస్తున్నాను. ఈ మధ్యాహ్నం తలుపులేసి నెమ్మదిగా గాలి పెంచుదాం, ఏమంటావు?"

అమ్మాయి ముఖం పాలిపోయింది. కానీ కళ్లలో భయంతో పాటు ఇంకేదో ఉంది. నత్తకి ఆ చూపు తెలుసు. ఆ వయసులో తన అద్దంలో అదే చూపు ఉండేది. ఒకసారి చూద్దాం, ఎంత దూరం పోతుందో. మేస్త్రీ కోతలు ఎన్నైనా కోసుకోనీ, తన శ్రాద్ధం తన ముందే పెట్టనీ, నవ్వుకుని గ్లాసు పెట్టేసి పోదామనే అనుకున్నాడు. 'తలుపులేసి' అన్న ఆ మాట విన్నాక పోలేకపోయాడు.

"అతను ఏ దారినా పోలేదు. లారీ తోలుకుంటున్నాడు," అన్నాడు.

మేస్త్రీ తిరిగాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నేనే." కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తీయడానికి అతను తీసుకున్న సమయం చూసే పెద్దాయన ముందుగా గుర్తుపట్టాడు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ. నత్త."

పెద్దాయన నవ్వు మొదలుపెట్టాడు, అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మేస్త్రీ మాత్రం గాలి తీసిన ట్యూబులా కూలబడ్డాడు. నత్త నవ్వకుండా అమ్మాయివైపు తిరిగాడు.

"అమ్మా, సైలెన్సర్ గొట్టం చీలిపోయి ఉంది ఆ రోజు. తలుపులు మూసి, సందులకి పట్టాలు కుక్కి ఇంజన్ నడిపాం. ఆ పొగలో ఉండే విషగాలికి రంగుండదు, వాసనుండదు, మనిషి మెల్లగా మత్తులోకి జారిపోతాడు. కనిపించనివి కనిపిస్తాయి, చలేస్తుంది, శబ్దాలు ఆగిపోతాయి. దారీ లేదు, మనిషీ లేడు. ఇంకాసేపుంటే మేమిద్దరం కూడా ఉండేవాళ్లం కాదు. నువ్వు నడుపు. తలుపులు తీసి నడుపు."

"మరి ఆ మనిషి సంగతి మావయ్యకి నువ్వు చెప్పావా, అన్నా?"

"చెప్పిన గుర్తు లేదు."

"మత్తులో పైకి అనేసి ఉంటావు," అంది అమ్మాయి. ఆమె ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. అదే అయి ఉంటుందని నత్తకీ అనిపించింది. ఇన్నాళ్లూ గుండెల మీద మోసింది అంత తేలిగ్గా దిగిపోతుందని అనుకోలేదు. ఇక లేవబోయాడు.

"మావయ్య మాటలు కోటలు దాటుతాయని తెలిసి కూడా విన్నాను చూడు," అని ఆమె నవ్వి, "అయినా గడియ తీసింది ఎవరు మరి?" అంది.

"మీ మావయ్యే. అంత మత్తులోనూ నన్ను బయటికి ఈడ్చాడు. కళ్లు తెరిచేసరికి పక్కనే పడి ఉన్నాడు, ఊపిరాడుతోంది, ఎవరో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. నేను లేచి నడిచి వెళ్లిపోయాను. మళ్లీ ఆ కారు ముఖం చూడదలచుకోలేదు. ప్రాణం పోసిన మనిషికి ఒక మాటైనా చెప్పకుండా పోయాను."

అందరూ మేస్త్రీవైపు చూశారు. పోయిన పరువు వడ్డీతో సహా తిరిగొచ్చి ఒళ్లో పడింది. వీధిలో వాన కురిసినా నా చలవే అనే మనిషి, ఇప్పుడు ఎలా అందుకుంటాడో చూద్దామని పెద్దాయన చెవి రిక్కించాడు.

మేస్త్రీ ముందుకి వంగి నత్త ముఖంలోకి చూశాడు.

"నేను కాదురా," అన్నాడు. ఆ గొంతు ఆ కొట్టులో ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. "నీ చెయ్యి స్టీరింగ్ మీద ఉండగానే నా మోకాళ్లు మడతపడ్డాయి. పడ్డవాణ్ణి పడ్డట్టే ఉన్నాను. నువ్వే నన్ను ఈడ్చావనుకున్నాను. నన్ను బయట పడుకోబెట్టి ఎటో పోయావనుకున్నాను."

నత్త తల అడ్డంగా ఊపాడు.

పెద్దాయన నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "నీళ్లు తెచ్చింది నేనే," అన్నాడు. "నేనొచ్చేసరికే తలుపులు బార్లా తెరిచున్నాయి. ఇంజన్ ఆపేసి ఉంది. తాళంచెవి తీసి సీటు మీద పెట్టారు ఎవరో. మీ ఇద్దరిలో ఒకరనుకున్నాను."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అక్క ఆపడానికి లేవలేదు.

అమ్మాయి హెల్మెట్ చంకలో పెట్టుకుని వీధి దాటింది. వాళ్లు చూస్తుండగానే షెడ్డు తలుపులు రెండూ గోడకి ఆనేదాకా తోసి, కదలకుండా ఒక్కోదానికి ఒక లారీ టైరు ఆనించింది. మేస్త్రీ లేచి, నత్త భుజం మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"కాసేపు ఉండరా. ఆ పిల్ల దిగేదాకా."

ఇంజన్ మొదలైంది. రోలర్లు తిరిగాయి, టర్బో ఈల సన్నగా లేచింది. పట్టుకోవాల్సిన పనేమీ లేకపోయినా మేస్త్రీ, నత్త వీధి దాటి వచ్చి చెరో తలుపు రెక్క పట్టుకుని, గాలి బాగా తగిలే చోట నిలబడ్డారు. ఆమె దిగేదాకా మేస్త్రీ ఒక్క మాట మాట్లాడలేదు.