ఢిల్లేశ్వరరావు శవం వేషం

పలాసలో డయాలసిస్ సెంటరుకి ఎదురుగా ధనలక్ష్మి టీ కొట్టు. బల్ల మీద కూర్మయ్య కూర్చున్నాడు. సెంటరు లోపల డయాలసిస్ మిషను మీద అతని భార్య తవిటమ్మ. "మా చేతుల్లో ఏమీ లేదు, చుట్టాలకి కబురు పెట్టుకోండి" అని పొద్దున్నే డాక్టరు చెప్పేశాడు. తనూ డయాలసిస్ చేయించుకోడానికి వంతు కోసం వచ్చిన ఢిల్లేశ్వరరావు, అదేమీ విననట్టు, కొట్లో టీవీ మీద పడ్డాడు.

"ఆపీయే ధనలక్ష్మీ ఆ సీరియలు! సావడం కూడా రాదు ఈళ్ళకి. సచ్చినోడికి పొట్ట ఎలగ ఎగిరెగిరి పడతందో సూడు! నిద్దట్లోంచి లేచిన కోడలికి ఒడ్డాణమొకటి! నటులంట నటులు. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున సీరియలు తీసినప్పుడు శవం వేషం ఎవలిదనుకున్నావు? నాదే!"

"శవానికి నటనేటి మావా, పడుకోడమే కదా" అంది ధనలక్ష్మి.

"అదే కష్టం పిచ్చిదానా! పాడె మీద ఊపిరి బిగబట్టినాను. ముక్కు మీద ఈగ వాలినాది, కదిల్తేనా? ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఆ ఈగ ఎల్లి దాని సుట్టాలందర్నీ పిలుసుకొచ్చినాది. హీరోయిను గ్లిజరిన్ లేకండా ఏడిసీసినాది, ఆ పిల్ల బతుకులో అదే మొదటి నిజం కన్నీరు. డైరెక్టరు బయపడిపోయి డాక్టర్ని తెచ్చినాడు. ఆ డాక్టరు నాడి సూసి, పోనాడు అనీసినాడు. నాడి కూడా ఆపీసినాను మరి!"

"ఓలమ్మో!"

"ఇను. టీవీలో వచ్చిన రోజు మందసలో మా మేనత్త సూసీసి, మైల వచ్చీసిందని తల్నిండా నీళ్ళు పోసుకుని, బస్సెక్కీసినాది. సుట్టాలంతా అలగే స్నానాలు సేసీసరికి ఉద్దానంలో నూతులెండిపోనాయి."

"అత్త వచ్చీసరికి నువ్వేటి సేత్తన్నావు?"

"బువ్వ తింటన్నాను. ఒప్పుకోదే! టీవీలో సూసినాను, నువ్వు సచ్చిపోనావు అని కంచం లాగీసి, పెద్దకర్మ సేయించీసినాది. నా దినం బోయినాలు నానే వడ్డించినాను!"

కూర్మయ్య పెదాల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. అది చూసి ఢిల్లేశ్వరరావుకి పూనకం వచ్చింది.

"ఒరే కూర్మయ్యా, అసలుది సెప్పలేదురా. షూటింగు మద్దిలో దున్నపోతొకటి పాడె పక్కన నిలబడినాది. దాని మీదెవలు? యముడే! నా మెడకి తాడేసి లాగతన్నాడు. ఒంటికన్ను తెరిసి కసిరీసినాను. ఇది షూటింగు బాబూ, నిజం కాదు, కెమెరాకి అడ్డం తప్పుకో అన్నాను. సిగ్గుపడిపోయి, తాడు సుట్టుకుని ఎలిపోనాడు. మళ్ళీ నా దిక్కు సూత్తే ఒట్టు!"

ధనలక్ష్మి పగలబడి నవ్వింది. కూర్మయ్య నవ్వలేదు.

సెంటరు తలుపు తెరుచుకుంది. "తవిటమ్మ తాలూకు ఎవరు? లోపలికి రండి, తొందరగా" అంది నర్సు.

కూర్మయ్య లేచి, ఢిల్లేశ్వరరావు చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు కూడా రా మావా. ఆ యముడు లోపలే ఉంటాడు. మా తవిటమ్మది కూడా షూటింగే అని సెప్పు."

ఢిల్లేశ్వరరావు తెరుచుకున్న తలుపు వైపు చూశాడు.

"అవన్నీ కోతల్రా కూర్మయ్యా" అన్నాడు, ధనలక్ష్మికి వినపడనంత చిన్నగా.

"తెలుసు మావా. అయినా ఒకసారి సెప్పి సూడు."