కూలి లేని గొయ్యి

కూలాబ్ పట్నంలో కూలీల అడ్డాకి ఒక ముసలాయన వచ్చి, గోడవారన కూర్చున్నవాణ్ణి పలకరించాడు.

"నీకేం పనొచ్చు, నాయనా?"

"ఏది రాదో అడుగు, పెద్దాయనా. పత్తి తీశా, లారీ నడిపా, బళ్ళో లెక్కలు చెప్పా, మాస్కోలో మంచు ఎత్తిపోశా."

"గోరీ తవ్వుతావా?"

"ఎవరికి?"

"మా ఖుర్షెద్‌కి. మాస్కోలోనే, కప్పు మీద మంచు తీస్తూ జారిపడ్డాడు. పొద్దున పెట్టెలో వచ్చాడు."

"గోరీకి కూలోణ్ణి పిలుస్తారా ఎక్కడైనా? వీధివాళ్ళు తవ్వాలి గానీ!"

"వీధిలో మగాళ్ళంతా పనికి పోయి మాస్కోలోనే ఉన్నారు. ఎంతిమ్మంటావు?"

"కూలి మాట ఎత్తకు. పద. పొడవెంత తవ్వాలి?"

"పెట్టె తెరవొద్దన్నారు. అచ్చం నీ అంతే ఉండేవాడు. నువ్వే పడుకుని చూసుకో, నాయనా."