ఇయ్యే అంటే

హలో… నాయనా… ఆ, నేనే. మాధురిని.

…ఈడనే ఉండా. ఆదోనిలో. బస్టాండులో.

…లే, సెలవు ఇయ్యలే. నేనే బెంగళూరు నుంచి వచ్చేసినా.

…

మగ్గం ఆపినావేమి నాయనా? నేస్తానే ఉండు. ఆ సప్పుడు ఉంటే నాకు మాట్లాడనీకి అవుతుంది. ఆపితే నువ్వు నన్నే సూస్తాండావేమో అనిపిస్తుంది.

అమ్మ ఉందా దగ్గర? …కొళాయి కాడికా. మంచిదే. ఆయమ్మకు సెప్పొద్దు.

నాకు రాదు నాయనా ఆ భాష. జపాను భాష నాకు రాదు… అంతే.

…కాదు, ఎవురూ ఏమీ అనలే. హాస్టల్లో తిండి బాగానే ఉంది. నేర్పే మేడమూ మంచిదే. తప్పు నాదే.

పనికి వంక లేదు. జపానుకు పోయి సేయాల్సింది ముసలోళ్లను సూసుకునే పనే గదా. సూది ఎయ్యమను, మంచంలో పక్కకు తిప్పమను, ఒళ్లు తుడవమను… నర్సింగు సదివిన సేతులు, వాటికి తెలుసు. నోటికే తెలీదు.

…నిన్ననా? నిన్న ఏం జరిగిందంటే… మాకు అలవాటు సేయనీకి మేడం ముసలామె మాదిరి మంచం మీద పండుకునింది. నేను నీళ్ల గలాసు పట్టుకొని పోయినా. ఆమె సెయ్యి సాపి 'ఇయ్యే' అనింది. ఇచ్చినా. మల్లా 'ఇయ్యే, ఇయ్యే' అనింది. ఇంత దప్పిక ఏమిటికో అనుకొని, తల పైకెత్తి, గలాసు నోటికి పెట్టి తాగిచ్చినా. ఆమెకు పొలమారింది.

…నగొద్దు నాయనా. …దగ్గినావా? సరే.

వాళ్ల భాషలో ఇయ్యే అంటే వద్దు అని. …ఆ. వద్దన్నా అదే, కాదన్నా అదే. ఆమె వద్దు వద్దంటే నేను గొంతులో పోసినా. అందరూ సూస్తాండగా.

…తెలుసు! నాకు తెలీక కాదు. మొదటి దినం నేర్పిచ్చిన మాట అది. రాయమంటే రాస్తా, నిద్రలో లేపి అడిగినా సెప్తా. కానీ మంచం మీద నుంచి సెయ్యి సాపి ఆ మాట అంటానే, నాకు మన అవ్వ వినపడింది. 'పాపా, నీళ్లు ఇయ్యే' అని అవ్వ పిలిచినట్టే.

భయమైతే నా సెవులు మన ఊరికి వచ్చేస్తాయి నాయనా. నేనేం సేయాల?

…

వింటాండావా?

గుర్తుందా, జపానోళ్లు నాయనను 'చిచి' అంటారని సెప్తే, నువ్వు పోగు తెగేదాకా నగినావు. 'కన్నోణ్ణి ఛీఛీ అంటావా' అని అవ్వ సీపురు తీసింది. అప్పుడు బాగుండె. కొత్త మాట ఒకటి వస్తే ఇంట్లో అందరికీ సెప్పుకుంటా తిరుగుతాంటి. ఇప్పుడు పుస్తకం తెరిచేది, మూసేది, అంతే.

నాతోని ఉండే కేరళ అమ్మాయిలు గబగబా మాట్లాడేస్తారు. నేను నోరు తెరిస్తే అందరూ ఓపిగ్గా ఎదురు సూస్తారు. తిట్టినా పడతా. ఆ ఓపిక ఉంది సూడు, అది పడలేను.

…ఆ, అసలు పరీక్ష రేపు పొద్దున. తప్పితే పేరు కొట్టేస్తారు. మల్లా పిలవరు.

…అందుకే వచ్చేసినా అంటాండా గదా! తప్పి రావడం కంటే ముందే రావడం మేలు గదా?

…

ఏదో ఒకటి సెప్పు నాయనా. ఈడ ఎమ్మిగనూరు బస్సు ఉంది, దాని పక్కనే బెంగళూరు బస్సు ఉంది. పొద్దున నుంచి రెండింటి మధ్యన కూసోని ఉండా. మన ఊరి బస్సులు పోతానే ఉండాయి. ఎక్కనీకి కాళ్లు రావు. బెంగళూరుది ఎక్కనీకీ రావు.

నువ్వు ఎప్పుడూ ఇంతే. నర్సింగుకు పోతానంటే పలకలే. జపాను పోతానంటే పలకలే. నీ మనసులో ఏముందో ఆ మగ్గానికే తెలుసు. ఈ పొద్దు ఒక్కసారి నోరు తెరువు. రమ్మంటే వస్తా. అమ్మ పక్కన కూసోని కండెలు సుడతా. ఏడ్సను కూడా.

ఇంటికి వచ్చేదా నాయనా?

…

వచ్చేదా?

…ఏమన్నావు? వినపళ్లే, డ్రైవరు హారను కొడతాండాడు. మల్లా సెప్పు.

…ఇయ్యేనా?

ఏమియ్యాల నాయనా? ఎవురికియ్యాల? నా కాడ ఏముంది ఇయ్యనీకి—

…

…

నాయనా.

ఇంకొకసారి అను.

…

లే… ఏడ్సలే. నగతాండా. నువ్వు బరువంతా 'య' మీద ఏసినావు. మేడం వింటే నీకు మార్కులు ఎయ్యదు.

…

…ఆ, ఎక్కుతాండా. …బెంగళూరుదే. ఉండు, సంచి పైన పెట్టుకుంటా.

…కిటికీ కాడ దొరికింది.

నాయనా… రేపు కూడా నాకు అవ్వనే వినపడితే?

…

…ఊఁ. మగ్గం సప్పుడు వస్తాండాది. నెయ్యి, నెయ్యి. బస్సు కదిలింది.

…ఏమి? …తిన్నానా?

ఇయ్యే. ఇంకా తినలే.

…

…పెట్టేస్తాండా.