బానెట్ పిన్నుకు కట్టిన పసుపుదారం

నా పేరు మునిచంద్ర, తండ్రి పేరు చెంగయ్య. వయస్సు నలభై నాలుగు. వృత్తి కారు డ్రైవరు. సొంత ఊరు పుత్తూరు దగ్గర, ప్రస్తుతం తిరుచానూరులో అద్దె ఇంట్లో భార్యతో కాపురం. తిరుపతి రేణిగుంట రోడ్డులో ఉండే మామిడికాయల వ్యాపారి కృష్ణమూర్తి గారి దగ్గర బండి నడుపుతున్నాను. ఎస్.ఐ. గారు ఆసుపత్రి ఎముకల వార్డుకు వచ్చి అడగగా చెబుతున్నాను. నొప్పికి సూది వేశారు గానీ నాకు తెలివి బాగానే ఉంది. డాక్టరు గారు కూడా చూసి సరేనన్నారు.

కృష్ణమూర్తి గారి తల్లి మునిలక్ష్మమ్మ గారికి మోకాళ్ల నొప్పులు. ఎండ అసలు పడదు. ఆమె ఎక్కేసరికి బండి లోపల చల్లగా ఉండాలని సారు ఏప్రిల్ నెలలో కొత్త బండికి రిమోట్ స్టార్టరు పెట్టించారు. ఇంట్లో కూర్చుని బటన్ రెండుసార్లు నొక్కితే చాలు, ఇంజను స్టార్టయి ఏసీ వస్తుంది. దొంగల భయానికి అలారం కూడా దానితోనే పెట్టించారు. ఆ పని చేసింది కరకంబాడి రోడ్డులో షాపు ఉన్న కార్ ఎలక్ట్రీషియన్ ఇమ్మానుయేల్. పని అయ్యేదాకా నేను అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాళ్లు సీటు మీదికి పెట్టి, స్టీరింగు కింద తల దూర్చి చేశాడు. ఏ వైరునూ ఉత్తగా మెలిపెట్టి వదల్లేదు. ప్రతిదానికీ టంకం పెట్టి, స్లీవు తొడిగి, లాగి చూసుకున్నాడు. ఇంతసేపా అని నేను విసుక్కున్నాను కూడా.

చివరగా బానెట్ కింద అంచున చిన్న పిన్ను స్విచ్చి ఒకటి బిగించాడు. బానెట్ మూస్తే పిన్ను కిందికి అణుగుతుంది, ఎత్తితే పైకి లేస్తుంది. అది లేచి ఉన్నంతసేపూ రిమోటు ఎన్నిసార్లు నొక్కినా ఇంజను స్టార్టు కాదు. అలారం ఆన్‌లో ఉంటే సైరను కూడా కూస్తుంది. బానెట్ ఎత్తిపెట్టి నా చేతనే రిమోటు నొక్కించి చూపించాడు. "దీన్ని అణిసిపెడితే బానెట్ మూసుండాదనుకుంటాది బండి. దీని జోలికి పోవద్దన్నా" అని చెప్పాడు. ఈ మాట కింద గీత గీసి రాసుకోమని ఎస్.ఐ. గారికి నా మనవి.

ఆ శుక్రవారం తిరుచానూరులో బండికి పూజ చేయించారు. తాళాన్ని, రిమోటును పళ్లెంలో పెట్టి పూలు కప్పారు. అట్లా పెట్టేటప్పుడే ఏదో బటన్ నొక్కుకుపోయి అలారం ఆన్ అయినట్టుంది. ఇంజనుకు బొట్టు పెట్టాలి, బానెట్ ఎత్తమని పూజారి అనగానే నేను ఎత్తాను. సైరను ఎత్తుకుంది. పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది, అందులో చేయి పెట్టి రిమోటు తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. హారతి వేళ ఆ కూత ఏమిటని పెద్దామె మునిలక్ష్మమ్మ గారి ముఖం వాడిపోయింది. నేను వేలితో పిన్ను అణిచాను, కూత ఆగింది. వేలు తీస్తే మళ్లీ మొదలు. ఆమే పూజారి దగ్గర పసుపుదారం తీసుకుని నా చేతికిచ్చి, దీనితో కట్టెయ్యమన్నారు. పిన్ను అణిచి, దారం చుట్టి, ముడి వేశాను. కట్టింది నేనే.

ఇంటికి వచ్చాక విప్పబోతుంటే ఆమె చూశారు. "అమ్మోరి ఎదురుగా కట్టింది మనం తెంపకూడదప్పా. దానంతట అదే ఊడాల" అన్నారు. పెద్దామె మాట. పైగా నేనూ ఆ నమ్మకంలో పుట్టి పెరిగినవాడినే. నాలుగు రోజులైతే ఊడిపోతుందిలే అనుకున్నాను. అది ఊడలేదు, ఇంజను వేడికి నల్లబడి బిగుసుకుపోయింది. అందరం దాని సంగతే మరిచాం.

ఈ నెల పన్నెండో తేదీ ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో కృష్ణమూర్తి గారి ఇంటి ముందు బండి బానెట్ ఎత్తాను. ముందురోజు నుంచి ఇంజనుతో పాటు తిరిగే బెల్టు కీచుమంటోంది. ఇంజను ఆపి ఉంది, తాళం నా జేబులో ఉంది. డ్రైవరుగా నేను మొదట నేర్చుకున్న పాఠం అదే, తాళం జేబులో ఉంటే ఇంజను నిద్రలో ఉన్నట్టు. రెండో రిమోటు హాల్లో పెద్దామె దగ్గర ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ లెక్కచేయలేదు. బెల్టు బిగువు వేళ్లతో పట్టి చూస్తున్నాను. గుడికి తొమ్మిదిన్నరకు పోదామన్న పెద్దామె ముందే తయారై, బండి చల్లబడనీ అని లోపలి నుంచే బటన్ నొక్కారు. ఇంజను స్టార్టయింది. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయాయి. బొటనవేలి సంగతి ఇప్పుడే చెప్పలేమంటున్నారు. మొదట నొప్పి తెలియలేదు. ఏసీ తిరుగుతున్న చప్పుడు వినబడి, పోనీలే పెద్దామెకు చల్లగా ఉంటుంది అనుకున్నాను. ఆ సమయంలో అట్లా ఎందుకు అనుకున్నానో నాకు తెలియదు.

నిన్న సారు తమ్ముడు గిరిప్రసాద్ గారు వార్డుకు వచ్చారు. దారం కోసేశామని, పిన్ను కూడా పీకేశామని ఆయనే చెప్పారు. "ఆ ఇమ్మానుయేల్ పిన్నే బిగించలేదని చెప్పప్పా. ముసలామె స్టేషన్ మెట్లెక్కకూడదు. నీ కాపురం మేం సూసుకుంటాం" అన్నారు. ఇమ్మానుయేల్‌ను స్టేషనులో కూర్చోబెట్టి షాపు మూయించిన సంగతి అప్పుడే తెలిసింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఇది. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఈ చేతితో ఇక నాకు బండి ఎవరిస్తారో తెలియదు, రాత్రంతా అదే భయం. అయినా నా చేయి పోయిందని ఇంకొకడి చేతిలో పని లాగేయడం నా వల్ల కాదు. పిన్ను పీకినా బాడీకి కొట్టిన రంధ్రం ఉంటుంది, దానికి వచ్చే వైరు లోపల ఉంటుంది. బండి తెప్పించి చూడవచ్చు.

సాయంత్రం మునిలక్ష్మమ్మ గారు వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు, ఆ మోకాళ్లతో నిలబడే ఉన్నారు.

"నీ చెయ్యి ఆడుండాదని నాకెట్ట తెలుస్తాదప్పా" అన్నారు.

"మీకు తెలీదమ్మా. నాకు తెలిసుండాల" అన్నాను.

ఆమె మీద కేసు వద్దని కోరుతున్నాను. ఇమ్మానుయేల్ పనిలో ఏ తప్పూ లేదు. అతన్ని ఇంటికి పంపమని కోరుతున్నాను.

పై వాంగ్మూలం నాకు చదివి వినిపించారు. "వైరింగ్ లోపం వల్ల" అని స్టేషను రైటరు గారు అలవాటు కొద్దీ రాసిన మాటను కొట్టివేయించి, "పిన్నును దారంతో కట్టివేసినందువల్ల" అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతం మీదా చెప్పింది కాదు. నాకు తెలుగులో సంతకం వచ్చు, లైసెన్సు మీద ఉన్నది నా సంతకమే. కుడిచేయి కట్టులో ఉన్నందున ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను. రేపు ఇది చూసినవాళ్లు నన్ను వేలిముద్రగాడు అనుకోకుండా, ఈ మాట కూడా రాయమన్నాను.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)
మునిచంద్ర