ఓబులమ్మ సదువు మార్పించిన కత

ఓబులమ్మని ఒక కుమ్మరామె ఉండేదంట. మొగుడు పోయినాడు, ఒకే బిడ్డ, సుంకి. నేను మట్టి తొక్కి తొక్కి కాళ్లు అరగదీసుకుంటి, నా బిడ్డన్నా నాలుగచ్చరాలు నేర్చుకోవాల అని ఆయమ్మ పట్టు. ఆ ఊర్లో శేషయ్య అయివారు అరుగు మింద బడి పెట్టినాడు. సదువు చెప్పేదానికి ఏమిస్తావంటే ఏమిస్తావని బేరమాడి, కడాకు గంపెడు జొన్నలు, రెండు బానలు, పాలిచ్చే మేక అన్న్యాడంట. మేక ఎందుకు సామీ అంటే, నా గొంతు ఎండితే నీ బిడ్డకి సదువెట్ల వస్తాది అన్న్యాడంట. న్యాయమే గదా! ఓబులమ్మ మేకని తోలకపోయి అయివారి గుంజకి కట్టి, ఇంటికొచ్చి ఏడ్చిందంట. ఇంట్లో ఉండే పాలు అవే మరి.

ఏడాది తిరిగింది. సుంకి గుక్క తిప్పుకోకుండా పుస్తకమంతా ఒప్పజెప్తాది. అమ్మకి మురిపెం అనుకో. ఏమైందంటే, ఒకనాడు తల్లీబిడ్డా సంతకి పోతాంటే దోవలో మైలురాయి కనపడింది. దాని మింద ఏం రాసిండారో సదువు పాపా అనింది. ఆ పిల్ల అటు చూసి ఇటు చూసి, ఈ రాయి మా పుస్తకంలో లేదుమా, అనిందంట. నవ్వబాకండి, మీ పిల్లోల్లని అడిగి చూడండి ఇంటికి పోయి!

ఓబులమ్మ సంతకి పోలేదు. బిడ్డని చెయ్యి పట్టుకోని నేరుగా అయివారి అరుగు మింద కూర్చోబెట్టి, సామీ, ఇది కారుతాండాది, మార్చియ్యండి, అనిందంట. అయివారికి అర్థం కాలా. కుమ్మరోల్ల పద్ధతి ఉండాది గదా, ఇచ్చిన కుండ కారితే మారుమాట లేకుండా ఇంకోటి ఇయ్యాల. ఆయమ్మకి తెలిసిన బేరం అదొకటే. అయివారు, మట్టి మంచిది కాదులేమే, నేనేం చేసేది అన్న్యాడు. ఆ మాటకి ఓబులమ్మకి ఎక్కడలేని కోపమొచ్చింది. మూడు కుండలు మార్పించుకుంటిరే మీరు, మట్టి మంచిది కాదంటే ఒప్పుకుంటిరా? మట్టి చూసుకునేది నీ పనే అంటిరి గదా, అని గట్టిగా అరిచింది. ఊరంతా చేరింది. పెద్దోల్లు చూసినారు. ఈమె మాట కాదంటే రేపు మన కుండలు ఎవరు మార్చిస్తారు? ఓబులమ్మ చెప్పేదే న్యాయం, అయివారు ఊరికే మళ్లా సదువు చెప్పాల అన్న్యారంట. ఇంకేముంది, తెల్లారేసరికి అరుగు ముందర ఊరి పిల్లోల్లందరూ. అందరికన్నా ముందు ఊరి పెద్ద రెడ్డి, ఎనిమిదేండ్ల నుంచి సదివే కొడుకుని చెవి పట్టుకోని.

సరే, ముందు ఆ రాయి మీరే సదివి చూపించండి సామీ అనింది ఓబులమ్మ. అందరూ కలిసి రాయి కాడికి పోయినారు. అయివారు రాయిని చూస్తాడు, ఆకాశాన్ని చూస్తాడు. కడాకు, నేను సదువుకున్నప్పుడు ఈ రాయి లేదప్పా అన్న్యాడంట! మా గురువుకి ఆవునిచ్చినా, పోయి నా సదువు మార్పించుకోనొస్తా అని మూట కట్టుకోని పోయినాడంట. మేకని మాత్రం మర్చిపోకుండా తోలకపోయినాడు.

సుంకి రోజూ ఆ రాయి కాడికే పోయి కూర్చునేది. టపా మోసే ఆయప్ప ఆ దోవనే పోతాడు గదా, పాపం ఆ పిల్లని చూసి రోజుకొక అచ్చరం వేలు పెట్టి చూపించినాడు. చూస్తాండగానే సుంకి రాయి సదివింది, కాయితం సదివింది, రెడ్డి ఇంటికొచ్చిన జాబులు సదివింది. ఓబులమ్మ ఊరంతా తిరిగి చెప్పుకునిందంట, కండ్లనీళ్లు కారిపోతాంటే.

ఈ సంగతి యాడ ఇన్యాడో ఏమో, అయివారు మళ్లా వచ్చినాడు. సుంకి సదువుతాంటే తల ఊపుకుంటా ఇని, చూస్తివా ఓబులమ్మా, నేనేసిన పునాది అది అన్న్యాడంట. అని, ఆ పునాదికి ఆయమ్మ మట్టి మోసే గాడిదని అడిగినాడు. ఇచ్చిందా అంటారా? ఇచ్చింది! బిడ్డ సదివిందన్న సంబరంలో తాడు కూడా ఆయమ్మే పట్టిచ్చింది. టపా ఆయప్పకి ఏమిచ్చిందని అడగబాకండి. ఆయప్ప ఏమీ అడగలేదు గదా, అడగనోల్లకి ఎవరిస్తారప్పా.