గింజలో కాపురం

అమెరికాలోని ప్లెయిన్స్‌బరో. ఆదివారం పొద్దున, అపార్ట్‌మెంట్ వంటింట్లో భావన, ఆమె తల్లి బాలమణి.

"అమ్మా, ఇక్కడ స్టవ్ పక్కన నా గాజు సీసా ఉండాలె. ఏది?"

"కడిగి బోర్లించిన. అగో."

"కడిగినవా! మరి లోపలి గింజలు?"

"ఆ బొబ్బెర్లా? సగానికి సగం పుచ్చే బిడ్డా. ఇంత చదివినవ్, పుచ్చిన బొబ్బెర్లు సీసాల పెట్టి దాచుకుంటవా?"

"బొబ్బెర్లు కావమ్మా అవి! చూస్తే అట్లనే ఉంటయి. పనామా అడవిల దొరికే రకం. గోరంత కూడా లేని రెక్కల పురుగు, దాని పిల్లలు ఆ గింజల్లోనే బతుకుతయి. నా థీసిస్ మొత్తం దానిమీదనే. ల్యాబ్‌ల చలికి చస్తయని ఇంటికి తెచ్చిన."

"పురుగులను పెంచుతున్నవా? వంటింట్లనా?"

"అమ్మా, గింజలేవి?"

"అదే... మొన్న పళ్లెంల పోసి ఏరిన. బొక్కలున్నయన్నీ పారేసిన."

"పారేసి... ఆగు, ఆగు. బొక్కలున్నయే కదా?"

"ఆఁ. అవ్వే."

"హమ్మయ్య! అవి ఖాళీ అమ్మా. పురుగు ఎగిరిపోయినంకనే బొక్క పడతది. లోపల పురుగులుండేది నున్నగ, మంచిగున్న గింజల్లనే."

"మంచిగున్న వాట్లనా?"

"ఆఁ. గుండె ఆగినంత పనైంది నాకు. రేపు మా ప్రొఫెసర్ మేడమ్‌కి చూపించాలె. ఆ పురుగు గింజ లోపల ఉంటదంటే నమ్ముతలేదామె. కళ్లతోని చూస్తెనే థీసిస్ మీద సంతకం పెడతదట."

"ఆమెనేనా, నిన్న నువ్వు భోజనానికి పిలిచింది?"

"ఆమెనే. గింజలియ్యి."

"నిన్న గారెలు ఎట్లున్నయ్ బిడ్డా?"

"మస్తున్నయి. ఇప్పుడు గారెల ముచ్చటెందుకు? గింజలు... అమ్మా. అమ్మా, ఆ గారెలు దేంతోని చేసినవ్?"

"మంచియే ఏరి చేసిన. ఒక్క పుచ్చు గింజ పడనియ్యలే, ఒట్టు."

"అయ్యో! మూడేండ్ల పని అమ్మా! మూడేండ్లు! నేనే ఆరు తిన్న. మేడమ్ ఎన్ని..."

"తొమ్మిది. పోయేటప్పుడు ఇంకో నాలుగు డబ్బాల పెట్టిచ్చిన. పాపం, ఇష్టపడ్డది."

"ఆమె వీగన్ అమ్మా! పాలు, తేనె గూడ ముట్టదు!"

"యాదున్నది బిడ్డా, చెప్పినవు గద. అందుకే నెయ్యి చుక్క గూడ తగలనియ్యలే."