తీజా వారం స్లాబు

పంతొమ్మిది వందల తొంభై ఏడు వానాకాలం. రాయపూర్ పక్కన బీర్‌గావ్‌లో గోదాము కడుతున్నారు. కొత్త ఇంజనీరు గంగాభవాని ప్రాజెక్టు సాఫ్ట్‌వేరులో సెలవులు నింపుతోంది. ముసలి మేస్త్రి నూకరాజు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఆదివారాలు, పంద్రాగస్టు పెట్టేశాను బాబాయ్. సెప్టెంబరు ఐదుకి స్లాబు పూర్తి."

"నాలుగూ ఐదూ పని రోజులేనా అమ్మా?"

"పని రోజులే."

"అయితే తట్టలు నువ్వే మొయ్యాలి. తీజా పండక్కి ఇక్కడి ఆడకూలీలంతా పుట్టిళ్ళకి పోతారు. వారం దాకా రారు."

"రెండ్రోజులు ఆగమంటే?"

"వెనకటికో ఇంజనీరు అలాగే అన్నాడు. ఒక్కరూ ఆగలేదు. తనే తట్టలు మోశాడు. మీసాలకి సిమెంటు పట్టి బిగిసిపోతే, మంగలి ఉలీ సుత్తీ పట్టుకొచ్చాడు."

"కోతలు ఆపు బాబాయ్."

"మీసాల సంగతి వదిలెయ్. వాళ్ళు ఆగకపోవడం మాత్రం నిజం."

గంగాభవాని నవ్వుకుంటూనే వారమంతా సెలవు పెట్టింది. స్లాబు పన్నెండుకి జారింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఐదుకే అవుతుందని కాంట్రాక్టరు సాహెబ్‌కి మాటిచ్చాను. మొదటి లెక్కే తప్పితే ఈ కుర్చీ ఇంకొకరికిస్తాడు."

"సెలవుకి పేరు రాసే చోటుందా అందులో?"

"ఉంది."

"తీజా అని రాయి. ఆయనదీ ఈ ఊరే. పోయినేడు ఆ వారం వాళ్ళావిడ పుట్టింటికెళ్తే, రోజూ నా క్యారేజీలో సగం తిన్నాడు. ఆవిణ్ణి ఆపలేనివాడు కూలీల్ని ఆపుతాడా?"

గంగాభవాని పేరు రాసింది. "పన్నెండుకే ఉంచుతున్నాను బాబాయ్."

"ఉంచు. ఈ ఏడు క్యారేజీలో ఇంకో గిన్నె పెట్టించుకొస్తాను."